మామగారి బెజవాడ, అల్లుడి రేపల్లె, తొమ్మిదడుగుల బల్ల

విజయవాడ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. దాంతోపాటు, ఇంట్లో బల్ల మీద కట్టుకోబోయే మోడల్ రైల్వే స్టేషన్‌కి గీసిన రెండు ప్లాన్ల ఫొటోలు పంపారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆయన సొంతూరు రేపల్లె. ఉద్యోగం విజయవాడలో. సత్యనారాయణపురంలో అత్తగారింటి పై వాటాలో భార్య, పదేళ్ల కూతురితో ఉంటున్నారు. తెనాలి నుంచి వచ్చే సింగిల్ లైను రేపల్లెలో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి ముందుకు పట్టాలు లేవు. "చిన్నప్పుడు రైలు రాగానే ఇంజన్ని విడదీసి, పక్క లైన్లోంచి వెనక్కి తీసుకెళ్లి రెండో చివర తగిలించేవాళ్లు. అది అయ్యేదాకా ప్లాట్‌ఫాం మీంచి కదిలేవాణ్ణి కాదు" అని రాశారు. దాన్నే హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలు రైలులో 87వ వంతు సైజులో, చిన్న టెర్మినస్‌గా కట్టుకోవాలని ఆయన కోరిక. పై వాటాలో ఒక గది ఖాళీగా ఉంది. గోడ వెంట 9 అడుగుల పొడవు, 20 అంగుళాల వెడల్పున బల్ల వేసుకోవచ్చు. ఒక డీజిల్ ఇంజన్, నాలుగు ఐసీఎఫ్ (పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ) నమూనా బోగీలు ఇప్పటికే కొన్నారు.

మామగారికి 74 ఏళ్లు. విజయవాడ యార్డులో పనిచేసి రిటైరయ్యారు. అల్లుడు స్టేషన్ కడుతున్నాడని తెలిసేసరికి ఆయనకి ఎక్కడలేని హుషారు వచ్చింది. పాత క్యాలెండర్ వెనక స్కేలు పెట్టి ప్లాన్ గీశారు: ఏడు లైన్లు, పిట్ లైను, గూడ్స్ షెడ్డు, బొగ్గింజన్లు తిప్పడానికి టర్న్‌టేబుల్. విదేశం నుంచి వచ్చే బంధువు చేత పది చిన్న రేడియస్ పాయింట్లు (ఒక లైను రెండుగా చీలే చోట వేసే పట్టా ముక్కలు, వంపు కాస్త ఇరుకైనవి) తెప్పించి సంక్రాంతికి అల్లుడి చేతిలో పెట్టారు. అల్లుడు గీసుకున్న ప్లాన్ చూసి మాత్రం "రెండు లైన్లేనా అల్లుడుగారూ? ఇది స్టేషనా, హాల్టా?" అన్నారు.

ఆరు నెలలైంది, ఒక్క పట్టా కూడా వెయ్యలేదు. "ఆయన ప్లాన్ పట్టదని తెలుసు, చెప్పడానికి నోరు రావట్లేదు. నేను మా ఆవిడతో చెబుతాను, ఆవిడ వాళ్ల నాన్నతో చెబుతుంది, ఆయన ఇంకో లైను కలిపి పంపిస్తారు. 'మీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను' అంటోంది. మా పాప రైలు గుండ్రంగా తిరగాలంటోంది. నిజానికి ఇది నా ఒక్కడి కాలక్షేపంగా మొదలైంది. ఏ ప్లాన్ వెయ్యాలి? ఆయనకి ఎలా చెప్పాలి?" ఇదీ ఆయన ప్రశ్న.

సమాధానం

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఆరు నెలలుగా ఆగిపోయింది మాత్రం రెండోదాని దగ్గర. ఇల్లు ఆయనది, గది ఆయనది, పాయింట్లు ఆయన ప్రేమగా తెప్పించినవి. ఆ మనిషి ముందు నిలబడి "పట్టదండీ" అనడం ఏ అల్లుడికైనా కష్టమే. కానీ మొదటి ప్రశ్నని టేపు పెట్టి తేల్చుకుంటే రెండోది చాలావరకు తేలికవుతుందని నా నమ్మకం. మీరు "పట్టదు" అంటే పెద్దాయన మాట కొట్టేసినట్టుంటుంది. "ఈ లైన్లో ఎన్ని బోగీలు పడతాయి మామయ్యగారూ, మీరే చూడండి" అంటే అది ఆయన సర్వీసంతా రోజూ వేసుకున్న లెక్క. ఏ లైన్లో ఎంత రేక్ (ఒక బండి బోగీల వరస) పడుతుంది, ఏ బండిని ఎక్కడ నిలబెడితే ఏ పాయింటు మూసుకుపోతుంది, యార్డు పనంటే ఇదే కదా. ఆయనకి బాగా తెలిసిన భాషలో మీరు ఇంతవరకు ఆయనతో మాట్లాడలేదు.

కాబట్టి ముందు కొలతలు.

ఒక ఐసీఎఫ్ బోగీ కప్లింగులతో కలిపి 22 మీటర్ల పైచిలుకు ఉంటుంది. 24 బోగీలు, ఒక ఇంజన్ అంటే 550 మీటర్లు. 87తో భాగిస్తే 6.3 మీటర్లు, ఇంచుమించు 21 అడుగులు. విజయవాడలో ఒక్క ప్లాట్‌ఫాంకే అంత కావాలి. అందుకని ఈ స్టేషన్ని ఎవరు కట్టినా కుదించక తప్పదు. ఏది కుదించాలి, ఏది ఉంచుకోవాలి అన్నదే అసలు ప్లానింగు. మామగారు లైన్ల సంఖ్య ఉంచుకుని పొడవు కుదించారు. మొదటిసారి గీసేవాళ్లలో చాలామంది అలాగే చేస్తారు, ఎందుకంటే కాగితం మీద పాయింటు అంటే ఒక చిన్న గీత. బల్ల మీద అది జానెడు చోటు తింటుంది.

పీకో (మోడల్ పట్టాలు చేసే కంపెనీ) పాయింట్లు అని రాశారు కాబట్టి ఆ కొలతలే తీసుకుంటాను. వాటి కోణం 12 డిగ్రీలు. పక్కపక్క లైన్ల మధ్య 50 మిల్లీమీటర్లు ఉంచితే, ఒక్కో లైను విడిపోవడానికి 23.5 సెంటీమీటర్ల పొడవు పడుతుంది. ఏడు లైన్లంటే ఆరుసార్లు విడిపోవాలి. 141 సెంటీమీటర్లు! మీ బల్ల మొత్తం పొడవు 274. అంటే సగానికి పైగా పాయింట్లకే పోయింది, అక్కడ బండి నిలబెట్టడానికి లేదు. ఏడు లైన్లూ, మధ్యలో నాలుగు ప్లాట్‌ఫాంలూ వేస్తే వెడల్పు 60 సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది. మీకున్నది 51. పైగా టర్న్‌టేబుల్‌కి కనీసం అడుగు వ్యాసం కావాలి.

ఇంకో సంగతి రెండు ప్లాన్లలోనూ కనిపించింది. మీ రేపల్లె ప్లాన్లో మెయిన్ లైను బల్ల అంచు దాకా వచ్చి ఆగిపోయింది. మామగారి ప్లాన్లోనూ అంతే. మరి రైలు ఎక్కణ్ణుంచి వస్తుంది? బయల్దేరాక ఎక్కడికి పోతుంది? టెర్మినస్ మోడల్‌కి స్టేషన్ సగమే. రెండో సగం ఒక ప్లైవుడ్ అడ్డుగోడ వెనక, చూసేవాళ్లకి కనిపించని చోట ఉండాలి. స్టేషన్ నుంచి బయల్దేరిన బండి అక్కడ ఆగుతుంది, అక్కడ మీరు చేత్తో దాన్ని సర్ది తిరుగు ప్రయాణానికి సిద్ధం చేస్తారు. అందులో పాయింట్లు కూడా అక్కర్లేదు. మీ రైలంత పొడవున్న చెక్క మీద రెండు అల్యూమినియం యాంగిల్ ముక్కలు పట్టాల్లాగా బిగించుకుంటే చాలు. బండిని చెక్కతో సహా ఎత్తి ఇటుదటు తిప్పి పెట్టొచ్చు. అలాంటివి రెండు మూడు చేసుకుంటే అన్ని రైళ్లున్నట్టే. వన్‌టౌన్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా యాంగిల్ కోసి ఇస్తారు. ఈ లోపం ఇద్దరి ప్లాన్లలోనూ ఉంది కనక మాట మొదలుపెట్టడానికి ఇదే మంచి చోటు. "మనిద్దరం ఒకటి మర్చిపోయాం మామయ్యగారూ, అవతలి స్టేషన్ ఏదీ?" అని అడగండి. ఇందులో ఎవరి ప్లానూ ఓడిపోదు.

ఇప్పుడు మీ రేపల్లె కొలుద్దాం. మూడు బోగీల రైలనుకోండి. ఒక్కో బోగీ 26 సెంటీమీటర్లు, డీజిల్ ఇంజన్ 20. పట్టాలు ఆగిపోయే డెడ్ ఎండ్ వైపు నుంచి వస్తే, ఇంజన్ విడిపోయి ముందుకెళ్లి నిలబడడానికి 25. అక్కణ్ణుంచి పక్క లూప్‌లోకి మళ్లించే క్రాసోవర్‌కి 43. బోగీలు నిలబడడానికి 80. ఇవతలి చివర లూపు మెయిన్‌లో కలిసేచోట మరో 43. గూడ్స్ సైడింగు (వ్యాగన్లు నిలిపే పక్క లైను) పాయింటుకి 22. స్టేషన్ మొత్తం 213. అడ్డుగోడ వెనక రైలంత చోటు, 102. కలిపితే 315 సెంటీమీటర్లు. మీ బల్లకి 41 సెంటీమీటర్లు తక్కువ.

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. ఒక బోగీ తగ్గిస్తే 26 కాదు, 52 సెంటీమీటర్లు మిగులుతాయి, ఎందుకంటే ఆ బోగీకి స్టేషన్లో ఒకసారి, గోడ వెనక ఇంకోసారి చోటివ్వాలి. రెండు బోగీలతో లెక్క 263కి దిగుతుంది. తొమ్మిదడుగుల్లో పట్టి 11 సెంటీమీటర్లు మిగులుతుంది. టెర్మినస్ ప్లాన్ గీసేవాళ్లు పాయింట్ల దగ్గర కాకుండా "నా రైలు పొడవెంత" అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అంటే రేపల్లె మీద మీకు రెండు దారులున్నాయి. రెండు బోగీలకి ఒప్పుకోవడం ఒకటి. ఇంజన్ విడిపోవడం, లూప్‌లోంచి తిరిగి రావడం, మీరు చిన్నప్పుడు చూసిందంతా ఉంటుంది. రైలు మాత్రం పొట్టిగా కనిపిస్తుంది, మామగారు ఆ మాట అనకా మానరు. ప్లాట్‌ఫాం మధ్యలో ఫుట్ ఓవర్ బ్రిడ్జి, పక్కన ఒక షెడ్డు పెడితే బండి మొత్తం ఒక్కసారే కంటికి ఆనదు, పొట్టితనం కొంత కప్పుకుపోతుంది. రెండో దారి, మూడు బోగీలు ఉంచుకుని బల్ల చివర అడుగున్నర మడత పలక కట్టించడం. ఆడించేటప్పుడు లేపుతారు, అయ్యాక దించుతారు. ఆ వైపు గుమ్మం ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, పలక లేపిన ప్రతిసారీ దారి మూసుకుపోతుంది. మడత దగ్గర పట్టాలు ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి, లేకపోతే చక్రం అక్కడే దిగుతుంది. వడ్రంగి పనితనం మీద ఆధారపడిన దారి ఇది.

మూడో దారి కూడా ఒకటుంది. నాకైతే మీ ఇద్దరి గొడవకీ దగ్గరగా వచ్చేది అదే అనిపిస్తోంది.

హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ విజయవాడలో ఏం చేస్తుందో మామగారిని అడగండి. బండి ఏ వైపు నుంచి వచ్చిందో మళ్లీ ఆ వైపే బయటికి పోవాలి. అందుకని వచ్చిన ఇంజన్ని విడదీస్తారు, రెండో చివర ఇంజన్ తగిలిస్తారు, అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్న ప్రయాణికులు వెనక్కి చూస్తూ బయల్దేరతారు. దక్షిణానికి సాగిపోయే బండికి విజయవాడ మధ్య స్టేషన్. గోదావరికి మాత్రం అది టెర్మినస్ లాగే పనిచేస్తుంది. మామగారి బెజవాడని బల్ల మీదికి తేవడానికి ఏడు లైన్లు అక్కర్లేదు, ఈ ఒక్క పని చాలు.

దీనికి లూపు అవసరం లేదు. బండి వచ్చి డెడ్ ఎండ్ దాకా వెళ్లి ఆగుతుంది. ఇవతల చిన్న స్పర్‌లో, అంటే ఇంజన్ మాత్రమే పట్టే పొట్టి పక్క లైన్లో, రెండో ఇంజన్ సిద్ధంగా ఉంటుంది. అది వచ్చి వెనక తగులుకుని బోగీల్ని తీసుకెళ్లిపోతుంది. చిక్కుకుపోయిన పాత ఇంజన్ ఆ తర్వాత నింపాదిగా స్పర్‌లోకి వచ్చి తర్వాతి బండి కోసం నిలబడుతుంది. ఇంగ్లండులో మోడల్ రైల్వే పత్రిక సంపాదకుడు సిరిల్ ఫ్రీజర్ 1957లో మైనరీస్ అనే చిన్న టెర్మినస్ ప్లాన్ ప్రచురించారు. మూడు ప్లాట్‌ఫాంలు, లూపు లేదు, ఇంజన్ల మార్పిడి సరిగ్గా ఈ పద్ధతే. చోటు లేని ఇళ్లలో ఈనాటికీ దాన్ని చూసి కడుతున్నారు.

మీ బల్ల మీద కొలవండి. ప్లాట్‌ఫాం లైన్లో ఇంజన్‌తో సహా మూడు బోగీలకి 102. రెండు ప్లాట్‌ఫాం లైన్లు కలిసేచోట 43. ఇంజన్ స్పర్ పాయింటుకి 22. గోడ వెనక 102. మొత్తం 269. మూడు బోగీలతో, మడత పలక లేకుండా, తొమ్మిదడుగుల్లోనే.

దీనికయ్యే మూల్యం కూడా చెప్పాలి. ఇంకో ఇంజన్ కొనాలి, అది చిన్న ఖర్చు కాదు. గూడ్స్ సైడింగు పోతుంది, మహా అయితే స్పర్ ఖాళీగా ఉన్నప్పుడు రెండు వ్యాగన్లు పెట్టుకోవచ్చు. రెండో ఇంజన్ వచ్చి తగులుకునేటప్పుడు పాయింట్ల మీద నిలబడుతుంది కనక ఆ కాసేపు రెండో ప్లాట్‌ఫాంకి దారి ఉండదు. (మామగారికి ఇది నచ్చుతుందనుకుంటాను. దారి లేనప్పుడు ఏ బండిని ఎక్కడ ఆపాలో తేల్చడమే ఆయన ఉద్యోగం.) మామూలు డీసీ కంట్రోలర్ అయితే ఒకే లైన్లో ఉన్న రెండు ఇంజన్లూ ఒకేసారి కదులుతాయి. అందుకని డెడ్ ఎండ్ నుంచి ఇంజన్ పొడవంత దూరంలో ఒక పట్టా కోసి, ఆ ముక్కకి కరెంటు వేరే స్విచ్ మీదుగా ఇవ్వాలి. స్విచ్ ఆపితే పాత ఇంజన్ కదలదు. డీసీసీ (ఒక్కో ఇంజన్‌కి విడిగా డిజిటల్ ఆదేశం పంపే పద్ధతి) పెట్టుకుంటే ఈ కోత అక్కర్లేదు, కానీ ఆ ఆదేశం అందుకోవడానికి ప్రతి ఇంజన్‌కీ డీకోడర్ ఖర్చు తోడవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీ రేపల్లె ఇంజన్ లూప్‌లోంచి తిరిగి రావడం ఇందులో లేదు. మీరు రాసిన ఉత్తరంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ వాక్యమే. దాన్ని వదులుకోగలరా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఎన్ స్కేల్ సంగతి కూడా ఆలోచించారట. 160వ వంతు కాబట్టి తొమ్మిదడుగులు పదహారున్నర అడుగుల పెట్టు అవుతుంది, ఐదారు బోగీల రైలు పడుతుంది. కానీ కొన్న ఇంజన్, బోగీలు, పది పాయింట్లు అన్నీ పక్కన పెట్టాలి. మన రైల్వే నమూనాలు ఆ స్కేల్లో దొరకడం కష్టం. బోగీ 14 సెంటీమీటర్లే. 74 ఏళ్ల చేతులతో వాటిని పట్టాల మీద పెట్టడం ఎంత శ్రమో చూసుకోండి. ఆయనకి అందులో చోటు ఉండదు.

పాప అడిగిన గుండ్రం 20 అంగుళాల బల్ల మీద హెచ్‌ఓలో రాదు. బాగా ఇరుకైన 371 మిల్లీమీటర్ల రేడియస్ తీసుకున్నా 75 సెంటీమీటర్ల వెడల్పు దాటుతుంది, మీ పొడుగు బోగీలకి ఆ వంపు నప్పదు కూడా. ఆ మాట పాపకి నేరుగా చెప్పండి. గోడ వెనక బళ్లు సిద్ధం చేసి, ఏ రైలు ఎప్పుడు వస్తుందో తేల్చే పని తనకి ఇచ్చి చూడండి. పదేళ్ల పిల్ల ఆ పని చక్కగా చేస్తుంది.

ఇక సంక్రాంతి పాయింట్లు. చిన్న రేడియస్‌వి, 610 మిల్లీమీటర్లు. పొడుగు బోగీలు వాటి మీద మళ్లితే బాగోదని మీరు చదివింది నిజమే. క్రాసోవర్ మీదుగా ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి వెళ్లేటప్పుడు బోగీ ఒకసారి ఎడమకీ వెంటనే కుడికీ తిరగాలి. ఆ క్షణంలో పై నుంచి చూడండి. ముందు బోగీ వెనక అంచు ఒక పక్కకి, వెనక బోగీ ముందు అంచు ఇంకో పక్కకి జరిగి ఉంటాయి. మధ్యలో కప్లింగ్ ఏటవాలుగా లాగబడుతుంది. లాగేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. వెనక్కి నెట్టేటప్పుడు అదే కప్లింగ్ బోగీని పక్కకి తోసి పట్టాల మీంచి దించేస్తుంది. 914 మిల్లీమీటర్ల మీడియం పాయింట్లు అయితే ఈ బాధ చాలా తగ్గుతుంది.

కానీ రేపల్లె ప్లాన్లో బోగీలు మళ్లవలసిన అవసరమే లేకుండా గీయొచ్చు. ప్లాట్‌ఫాంని తిన్నటి లైను మీద పెట్టండి. బోగీలు నేరుగా వచ్చి నేరుగా పోతాయి. లూప్‌లోకి మళ్లేది ఒంటరి ఇంజన్, సైడింగులోకి మళ్లేవి పొట్టి వ్యాగన్లు. వాటికి 610 సరిపోతుంది. నాలుగు పాయింట్లూ మామగారు తెచ్చినవే వాడొచ్చు. నేను లెక్కవేసింది మీడియం పొడవుతో. చిన్నవి ఒక్కోటి మూడున్నర సెంటీమీటర్లు తక్కువ కాబట్టి ఇంకొంచెం చోటు కలిసొస్తుంది. ఇంజన్ మార్పిడి ప్లాన్లో రెండో ప్లాట్‌ఫాంలోకి బోగీలు మళ్లాలి కాబట్టి అక్కడ ఒక్క మీడియం పాయింటు కొనండి, స్పర్‌కి చిన్నది చాలు. రెండిటి కోణమూ 12 డిగ్రీలే కావడంతో కలిపి వాడడానికి ఇబ్బంది లేదు. ఆయన తెచ్చినవి కనబడే చోట వాడారంటే ఆ పెద్దాయనకి ఎంత తృప్తో నేను చెప్పనక్కర్లేదు.

ఒక విషయం ముందే చెప్పి పెట్టండి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87వ వంతు అంటే 19 పైన రావాలి. దుకాణాల్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. ఆయన కన్ను అది ఇట్టే పట్టేస్తుంది. "పట్టాలు దగ్గరగా ఉన్నాయే" అంటారు. ముందే తెలిస్తే అది లోపంగా కాక, దొరికిన సరుకు తీరుగా తీసుకుంటారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మీ ఉత్తరంలో "ఇది నా ఒక్కడి కాలక్షేపంగా మొదలైంది" అన్న మాట చివర్లో, దాదాపు క్షమాపణ చెబుతున్నట్టు రాశారు. అలా కోరుకోవడంలో తప్పేం లేదు. రోజంతా ఆఫీసు, ఇల్లు చూసుకున్న మనిషి రాత్రి ఒక గంట తలుపేసుకుని ఒంటరిగా ఇంజన్ నడుపుకోవాలనుకోవడం న్యాయమైన కోరికే. అయితే మీకు కావలసింది అదేనా, లేక ఆయనతో కలిసి ఆడడమా అన్నది ముందు మీకు మీరే చెప్పుకోవాలి. ఎందుకంటే ప్లాన్ కూడా దాన్ని బట్టే మారుతుంది.

ఒంటరిగా అయితే రేపల్లె మంచిది. ఒక్క ఇంజన్, ఒక్క మనిషి, తొందర లేని పని. అప్పుడు మామగారితో నేరుగా, గౌరవంగా, మీ ఆవిడ మధ్యలో లేకుండా మాట్లాడండి. "ఇది మా ఊరి జ్ఞాపకం మామయ్యగారూ, చిన్నదిగానే కట్టుకోవాలని ఉంది. మీ పాయింట్లతోనే కడతాను" అనండి. ఆయన నొచ్చుకోవచ్చు. కొన్ని రోజులు పైకి రాకపోవచ్చు. ఆ నొప్పి ఉండదని నేను మాటివ్వలేను. కానీ ఆరు నెలలుగా ఆయన ఎదురుచూస్తున్నారు, సమాధానం లేదు. ప్లాన్‌కి ఇంకో లైను కలిపి పంపడం ఆయన వైపు నుంచి "ఏమైంది?" అని అడగడమే అనిపిస్తోంది నాకు. మౌనం కూడా ఆయన్ని నొప్పిస్తూనే ఉంది.

కలిసి అయితే ఇంజన్ మార్పిడి ప్లాన్ ఇద్దరికీ పని చూపిస్తుంది. అసలు రైల్వేలో డ్రైవరు తనంతట తాను పాయింటు మార్చుకోడు, సిగ్నల్ ఇవ్వకుండా కదలడు. బల్ల మీద కూడా అదే నియమం పెట్టుకోండి. పాయింట్ల స్విచ్‌లు, సిగ్నళ్లు ఒక చిన్న పలక మీద విడిగా బిగించి ఆయన కుర్చీ ముందు పెట్టండి. కంట్రోలర్ మీ చేతిలో ఉంచుకోండి. ఆయనకి లైన్ల సంఖ్య మీద అంత పట్టుదల ఎందుకని ఆలోచిస్తే, ఎక్కువ లైన్లుంటే ఎక్కువ పని ఉంటుందన్న ఆశే కారణమేమో. రెండు లైన్లు, రెండు ఇంజన్లు, ఒకటే దారి ఉన్న చోట పని తక్కువేం ఉండదని ఆయన పది నిమిషాల్లో గ్రహిస్తారు. ఇందులో మీరు ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆ గదిలో ఆయన మళ్లీ డ్యూటీలో ఉంటారు, మీరు ఆయన సిగ్నల్ కోసం ఆగాలి. కొన్ని సాయంత్రాలు అది బాగుంటుంది, కొన్ని రోజులు విసుగనిపిస్తుంది. "ఆదివారం మనిద్దరం, మిగతా రోజులు నేను కాసేపు ఒక్కణ్ణే" అని మొదట్లోనే అనుకుంటే తర్వాత మొహమాటం ఉండదు.

ఏ దారి తీసుకున్నా మీ ఆవిడ చేత కబుర్లు మోయించడం ఆపండి. పాయింటు రేడియస్ గురించి తండ్రికీ భర్తకీ మధ్య ఆవిడ ఎందుకు నిలబడాలి?

నిర్ణయం ఇవాళే చెయ్యక్కర్లేదు. పీకో పాయింట్ల నమూనా కాగితాలు అసలు సైజులో నెట్‌లో దొరుకుతాయి. జిరాక్స్ షాపులో సైజు మార్చకుండా ప్రింట్ తీయించండి. తీసుకున్నాక స్కేలు పెట్టి చూడండి, మీడియం పాయింటు 219 మిల్లీమీటర్లు రావాలి, చిన్నది 185. తొమ్మిదడుగుల మేర పాత పేపర్లు హాల్లో నేల మీద పరిచి, వాటి మీద ఈ కాగితాలు అతికించి, మీ ఇంజన్నీ బోగీల్నీ చేత్తో నడపండి. ఒక పూట రేపల్లె, ఒక పూట గోదావరి. రెండో ఇంజన్ లేదు కాబట్టి 20 సెంటీమీటర్ల చెక్క ముక్క పెట్టుకోండి. మామగారికి నేల మీద కూర్చోవడం కష్టమైతే పక్కన కుర్చీ వేసి, ఏ బండి ఎటు పోవాలో ఆయన్ని చెప్పమనండి. ఆయన ఏడు లైన్ల ప్లాన్‌ని కూడా అలాగే పరవండి, దాన్ని తప్పించొద్దు. బోగీలు పెట్టడానికి చోటు వెతుక్కునేది ఆయన చేతులే అయినప్పుడు మీరు ఏమీ అనక్కర్లేదు.

లైన్లు విడిపోయే చోట ఒక బోగీని నిలబెట్టి, పక్క లైన్లో ఇంకోదాన్ని మెల్లగా నెట్టుకుంటూ రండి. రెండూ రాసుకునే ముందు ఎక్కడ ఆగాలో అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. అసలు యార్డులో ఫౌలింగ్ మార్క్ ఉండేది ఇందుకే, ఆ గీత పెట్టే పని మామగారిది. బోగీలు నిలబడే పొడవు ఆ గీత నుంచి లెక్కపెట్టాలి, పాయింటు చివర నుంచి కాదు. చాలా ప్లాన్లలో నాలుగైదు సెంటీమీటర్లు తగ్గిపోయేది ఇక్కడే.

బల్లని నాలుగున్నర అడుగుల రెండు ముక్కలుగా చేయించండి, మెట్ల మీద తిప్పడానికి అదే వీలు. ప్లైవుడ్ కోయించే ముందు మీ చివరి కాగితపు ప్లాన్ మీద ఆ అతుకు ఎక్కడ పడుతుందో చూసుకోండి. పాయింటు మీద పడితే ప్లాన్ మొత్తాన్ని కొంచెం జరపాలి. కింద వేసే అడ్డ చెక్కలు కూడా పాయింటు మోటార్లు వచ్చే చోట రాకుండా వడ్రంగికి గుర్తులు పెట్టి ఇవ్వండి. మీది పై వాటా కాబట్టి ఎండాకాలంలో స్లాబు వేడి నేరుగా గదిలోకి దిగుతుంది. పట్టాల అతుకుల దగ్గర గోరు అంచంత సందు వదిలితే మే నెలలో అవి ఉబ్బి వంకర తిరగవు.